కోపం తగ్గించే బొంత

నవంబరు 3, ఆదివారం

ఈ రోజు నుంచి నేను కోపం మానేస్తున్నాను.

నిన్న డాక్టరు బీపీ చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ చూశాడు. "మాత్రలు రాస్త. మాత్రలతోనే తగ్గదు. చేతికి నిదానంగ ఉండే పనేదన్న పెట్టుకో. చెట్లో, కుట్లో" అన్నాడు.

వనపర్తిలో నాది మోటార్ల వైండింగ్ షాపు. పొలాల్లో కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టి ఇస్తాను. రాఘవేందర్ కోపిష్టి అని బజారులో ఒక పుకారు ఉంది. అంత నిజం కాదు. పోయిన నెలలో మా అమ్మాయి మానస, అయిజలో పత్తి విత్తనాల కంపెనీలో ఉద్యోగం వచ్చింది, అక్కడే గది తీసుకుని ఉంటానని చెప్పింది. నేను కొంచెం గట్టిగా మాట్లాడాను. ఆ సమయంలో చేతిలో అన్నం పళ్ళెం ఉంది. అది వెళ్లి గోడకు తగిలింది.

ఆమె అయిజ వెళ్లిపోయింది. రోజూ వాళ్లమ్మకు ఫోన్ చేస్తుంది. నాతో మాట లేదు.

అందుకే చెట్లు కాదు, కుట్లు. మానసకు ఒక బొంత కుడతాను. చలి ముదిరేలోపు ఇవ్వాలి. రోజూ షాపు తెరిచే ముందు ఒక గడి. ప్రతి గడిలో ఒక పిట్ట. రంగు గుడ్డను పిట్టలా కత్తిరించి, ఇంకో గుడ్డ మీద పెట్టి చుట్టూ కుట్టేయడమే. ఫోన్‌లో ఒకామె చేస్తుంటే చూశాను. మాట్లాడుతూనే కుట్టేసింది.

మా ఆవిడ శ్రీవాణితో చెప్పాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసింది.

"సూదిల దారం ఎక్కించినవా ఎన్నడన్న?"

మోటారులో వెంట్రుకంత తీగ చుట్టేవాడికి దారం ఒక లెక్కా.

నవంబరు 4, సోమవారం

బ్రహ్మాండమైన రోజు. పాత చీరలు తీసి కుప్ప పెట్టాను. శ్రీవాణి వచ్చి కుప్పలోంచి సగం తీసుకుపోయింది. మిగిలినవి చాలు. ఆకుపచ్చ జాకెట్టు గుడ్డతో చిలుకను కత్తిరించాను. మనసంతా హాయిగా ఉంది.

షాపులో అందరితో మెత్తగా మాట్లాడాను. మోటారు ఇవ్వడానికి వచ్చిన రైతు ఇస్రాయేలు కాసేపు నిలబడి, దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

"ఏమైందన్న, పానం మంచిగ లేదా?"

నవంబరు 6, బుధవారం

గుడ్డ అంచు లోపలికి మడిచి కుట్టాలట. మడిస్తే చిలుక ముక్కు పోతోంది. మడవకపోతే పోగులు లేస్తున్నాయి. వేలికి తొడిగే ఇనుప టోపీ కొన్నాను. సూది ఆ వేలిని వదిలేసి పక్క వేలిలో దిగింది.

కోపం రాలేదు. సూదిని పక్కకు విసిరానంతే. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. శ్రీవాణి పాదానికి దొరికింది. ఆమె చాలా మాటలు అంది. ఈ ఇంట్లో అసలు కోపం ఎవరిదో ఇక్కడ రాసి పెడుతున్నాను.

నవంబరు 10, ఆదివారం

మొదటి గడి పూర్తయింది. రోజుకొకటి అనుకున్నది నిజమే. కానీ మొదటిది పునాది లాంటిది, టైం పడుతుంది.

శ్రీవాణి ఫోన్‌లోంచి మానసకు ఫొటో పంపించాను. వెంటనే జవాబు వచ్చింది. శ్రీవాణి చదివి వినిపించింది. "కోడిపిల్ల మంచిగుంది."

కోపం రాలేదు. మిద్దె మీదికి పోయి, నాలుగు చుట్లు తిరిగి కిందికి వచ్చాను.

నవంబరు 15, శుక్రవారం

కార్తీక పౌర్ణమి. పండుగ పూట సూది ముట్టకూడదని విన్నట్టు గుర్తు. శ్రీవాణి ఎన్నడూ వినలేదట. నిన్న కరెంటు లేదు. మొన్న షాపు నిండా మోటార్లు. అంతకు ముందు రోజు వేలు ఇంకా నొప్పి పెట్టింది.

రేపటి నుంచి రెండేసి గడులు కుట్టి సరిచేస్తాను.

నవంబరు 20, బుధవారం

బాగా ఆలోచించాను. పిట్టలు వద్దు. ఉత్త గడులే అందం. మంచమంత బొంత కూడా అక్కర్లేదు. కాళ్ల మీద కప్పుకునేంత చాలు. చలి ముందు కాళ్లకే కదా.

అయినా కత్తెరతో గుడ్డ తెగడం లేదు. ఎవరో దానితో రాగి తీగ కత్తిరించారు. ఆ ఎవరో ఎవరన్నది వదిలేద్దాం.

మధ్యాహ్నం ఇస్రాయేలు వచ్చాడు. "రేపంటివి, మల్ల రేపంటివి. ఆడ నా మడి ఎండుతుంది" అన్నాడు. నేను ఒకటి రెండు మాటలు అన్నాను. ఎదురు షాపు వాళ్లు బయటికొచ్చి చూశారు. ఇస్రాయేలు మాత్రం నవ్వాడు.

"ఇప్పుడు పానం మంచిగైందన్న. మొన్న జూసి పరేషానైన."

నవంబరు 24, ఆదివారం

తెలకపల్లి వెళ్లాను. మా మేనత్త పెంటమ్మ అక్కడే ఉంటుంది. మా ఇళ్లలో పుట్టిన పిల్లలందరూ ఆమె కుట్టిన బొంతల్లోనే పెరిగారు. సలహా కోసమే వెళ్లాను. చూపించడానికి గుడ్డల సంచి కూడా పట్టుకుపోయాను.

అత్త నా గడిని వెలుతురులో పెట్టి చూసింది.

"ఇది ఏం పిట్ట, అల్లుడా?"

"చిలుక."

"ముందుగాల చెప్పాలె గద" అంది. తర్వాత సంచి తన వైపు లాక్కుంది. "ఇడిసిపెట్టి పో. కూసోని కూసోని నాకు గూడ పొద్దు పోతలేదు."

కుట్టమని నేను అడగలేదు. పెద్దావిడ అంత ప్రేమగా అంటే వద్దనడం మర్యాద కాదు.

డిసెంబరు 1, ఆదివారం

బొంత పని సాగుతోంది. తెలకపల్లిలో.

డిసెంబరు 8, ఆదివారం

పొద్దున్నే తెలకపల్లి పోయి బొంత తీసుకుని, గద్వాల మీదుగా అయిజ వెళ్లాను. బస్సులో ఒడిలో పెట్టుకున్నాను. పక్కన కూర్చున్నాయన చేత్తో తడిమి, ఎవరు కుట్టారని అడిగాడు. ఇంట్లోనే కుట్టాం అన్నాను. అబద్ధం అక్కడ మొదలైంది.

గదిలో మానస, ఆమెతో ఉండే నవ్య అనే అమ్మాయి ఉన్నారు. మానస లేచి కుర్చీ జరిపింది. బొంత విప్పి మంచం మీద పరిచాను. నవ్య కళ్లు పెద్దవి చేసింది.

"అంకుల్, మీరే కుట్టిండ్రా?"

"అవును."

మానస బొంత అంచు తిరగేసి చూసింది. వేలితో కుట్టు వెంట పోయింది.

"ఇది పెంటమ్మమ్మ కుట్టు గద, నాయినా."

ఇన్నాళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట. సంతోషపడాలి. నేను అరిచాను. ఇంత దూరం వచ్చాను, వేళ్లు పొడుచుకున్నాను, నీ కోసం చేస్తే ఇదా విలువ అని ఇంకా ఏవేవో. పక్క గదుల తలుపులు తెరుచుకున్నాయి. నవ్య నిండుగా ఉన్న నీళ్ల సీసా పట్టుకుని, నీళ్లు తెస్తానని బయటికి పోయింది.

మానస ఏడవలేదు.

"నువ్వు కుట్టకున్నా ఏం గాదు. కుట్టిన అని ఎందుకు చెప్పినవ్? అమ్మకు ఫోన్ చేసినప్పుడల్ల నువ్వు పక్కకే ఉంటవ్. నీ దగ్గు ఇనవడుతది. ఒక్కసారి ఫోన్ తీస్కోని, తిన్నవా బిడ్డా అనలె. బొంత అడిగిన్నా నేను?"

చెప్పులేసుకుని వచ్చేశాను. బస్సులో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డిసెంబరు 9, సోమవారం

మాత్ర వేసుకున్నాను. సూది, దారం, ఇనుప టోపీ అటక మీద పెట్టేశాను. ఈ పని నాలాంటి వాళ్లకు కాదు.

డిసెంబరు 11, బుధవారం

సాయంత్రం శ్రీవాణి ఫోన్ మాట్లాడుతుంటే దగ్గరికి పోయి చెయ్యి చాచాను. ఆమె ఫోన్ ఇచ్చింది.

"తిన్నవా?" అన్నాను.

"తిన్న" అంది. తర్వాత ఏమడగాలో తోచలేదు. ఏం కూర అని అడిగాను. పప్పు అంది. ఫోన్ తిరిగి శ్రీవాణికి ఇచ్చేశాను. చొక్కా చెమటతో తడిసింది. కొత్త మోటారు చుట్టినా ఇంత కష్టం ఉండదు.

డిసెంబరు 15, ఆదివారం

మానస వచ్చింది, చెప్పకుండా. కంపెనీ వాళ్లు వారం రోజులు ఇంటి దగ్గర ఉండమన్నారట.

కంపెనీకి, రైతులకు మధ్య తిరిగే దళారి ఒకడు ఆఫీసుకు వచ్చి, రైతుల ముందే ఈమెను "ఆడపిల్లకు విత్తనం సంగతి ఏం ఎరుక" అన్నాడట. ఈమె వాడి సంచి తీసి రోడ్డు మీద పెట్టి, వాడిని కూడా బయటికి పొమ్మందట. ఆ అరుపు వీధి చివరి దాకా వినపడిందట.

శ్రీవాణి ఆమెను చూసింది, నన్ను చూసింది, వంటింట్లోకి పోయింది.

నేను చొక్కా వేసుకుంటున్నాను. అయిజ బస్సు ఎన్నింటికో ఆలోచిస్తున్నాను.

"కూసో, నాయినా" అంది మానస. "నువ్వు పోయి గొడవ పెడితే ఉన్న ఉద్యోగం గూడ పోతది. ఆఫీసుల అందరు ఏమంటుండ్రో ఎరుకేనా? గింత కోపం ఏడికెల్లొచ్చిందమ్మా అంటుండ్రు. నేను ఏమని చెప్పాలె?"

కూర్చున్నాను. బీపీ యంత్రం చెప్పినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.

"నీకు భూమి ఇస్తననుకున్న, ఇల్లు ఇస్తననుకున్న. గిది ఇస్తననుకోలే" అన్నాను.

ఆమె నవ్వలేదు. కానీ లేచి పోలేదు కూడా. కాసేపటికి ఆమే అడిగింది. "డాక్టరు చెప్పిన కుట్టుపని ఏందో నాకు గూడ చూపియ్. నేర్పియకు, చూపియ్ సాలు."

అటక మీది సరంజామా దించాను. మధ్యాహ్నమంతా ఎదురెదురుగా కూర్చుని కుట్టాం. నీలం పక్కన ఎరుపు వద్దని నేను, ఎందుకు వద్దని ఆమె. మాట పెరిగింది. శ్రీవాణి తలుపు దగ్గరగా వేసి పక్కింటికి పోయింది. నీలం పక్కన ఎరుపే కుట్టాం.

డిసెంబరు 16, సోమవారం

కొత్త బొంత. ఈసారి ఇద్దరం. చెరొక గడి. ఎవరైనా గొంతు పెంచితే ఆ రోజు అంట్లు వాళ్లవే. పొద్దున ఏడింటికి మొదలుపెట్టాలని నిన్న గట్టిగా అనుకున్నాం.

ఎనిమిది దాటింది. ఆమె ఇంకా లేవలేదు. నేను సూదిలో దారం ఎక్కించుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. లేపితే ఎంత కోపం చేస్తుందో అని భయంగా ఉంది.