మునిగిన పట్నం, మా కాలువ గట్టు

నేను కోట మండలం సముద్రపు ఒడ్డున పుట్టి, అక్కడే ఉంటున్న పామంజి చెంగమ్మను, కీర్తిశేషులు వెంకయ్య పెద్ద కూతురిని. వయసు యాభై ఆరు. జబ్బు గుండెకే గానీ తెలివికి కాదు. ఎవరూ చెప్పించకుండా, దేవుడి పటం ముందు కూర్చుని ఈ వీలునామా రాస్తున్నాను. నాకు పిల్లలు లేరు. ఉన్నది తమ్ముళ్ళు పెంచల్, సుధాకర్.

కారణం చెప్పాలి. మొన్న ఆదివారం పొద్దున దీపం పెట్టి వచ్చి వాకిట్లో చేపలు తోముతున్నాను. పెంచల్ వల బాగుచేస్తున్నాడు. సుధాకర్ రొయ్యల గుంటకు పోబోతూ కాఫీ తాగుతున్నాడు. అతని కూతురు బిందు ఫోనులో ఆట ఆడుతోంది. ఆ ఆటలో పూర్వకాలపు మహాపట్నం ఒకటి సముద్రం అడుగున ఉంది. ఎందుకు నాశనమైందో ఆడేవాళ్ళే తేల్చాలట.

"దీపం ఆర్పేసుంటారు, అమ్మోరికి కోపమొచ్చింది" అన్నాడు పెంచల్.

"కాదు పెదనాయనా, ముత్యాలు పెంచుకోను రాజు నీటి తలుపులు మూసినాడు. వాననీళ్ళు పొయ్యే దారి లేదు" అంది బిందు.

"ఎవుర్నే అంటుండావు?" అంటూ సుధాకర్ లేచి, ఫోను లాక్కుని కాలువలోకి విసిరాడు. పెంచల్ వల వదిలి అతని మీదికి పోతే, ఇద్దరికీ నేను అడ్డం పడ్డాను.

బిడ్డ ఆట సంగతే చెప్పింది. కానీ మా కాలువ సముద్రంలో కలిసే మొగలో గట్టు ఉంది. ఒక్క పంటకని నన్నడిగి, తన గుంటలో నీళ్ళు నిలవడానికి సుధాకర్ వేశాడు. తీయలేదు. పోయిన తుఫానుకు కింది వీధి మునిగింది. గట్టు కింది నేల నా పేరున ఉంది.

కనుక:

1. ఆ నేల తమ్ముళ్ళిద్దరికీ కాదు, ఊరి మత్స్యకార సంఘానికి. గట్టు కొట్టి కాలువ వదలాలి. ఆసుపత్రి నుంచి బతికి వస్తే నేనే కొట్టిస్తాను.

2. ఇంట్లో నా వాటా సుధాకర్‌కు. గట్టు జోలికి రానివ్వనని కోర్టుకెక్కితే, అది పెంచల్‌కు. సుధాకరా, జ్వరమొస్తే నా ఒళ్ళో తప్ప పడుకునేవాడివి కాదు నాయనా. నాకు నీ మీద కోపం లేదు, భయం ఉంది.

3. గంగమ్మ దీపపు కుంది పెంచల్‌కు. రోజూ వెలిగించు, జాతరనాడు తాగి వచ్చి కాదు. తుఫాను రాత్రి మన దీపం ఆరలేదు. అయినా వీధి మునిగింది. ఆలోచించు.

4. నా కమ్మలు బిందుకు. అమ్మి ఫోను కొనుక్కున్నా సమ్మతమే. ఆ పట్నం సంగతి చివరిదాకా తేల్చు తల్లీ.

5. ఇవన్నీ జరిపించే బాధ్యత మా ఊరి బడి టీచరు రోజారమణిది.

ఆ ఆదివారం సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చున్నారు. పొద్దున కొట్టుకోబోయిన తమ్ముళ్ళు ఒక్క మాట మీదికి వచ్చారు. గట్టు నేల సుధాకర్ పేరున, ఇల్లు మొత్తం పెంచల్ పేరున రాయించాలని. గురువారం రిజిస్ట్రారు ఆఫీసు, శుక్రవారం నెల్లూరులో నా ఆపరేషన్. అక్క సంతకం పెడుతుందిలే అనుకుని లేచారు. నన్నెవరూ అడగలేదు. ఆ సంతకం ఇక్కడ పెడుతున్నాను.

తేదీ: 20-11-2024

(సం) పామంజి చెంగమ్మ

సాక్షులు:
పద్మనాభయ్య
మగ్దలీనమ్మ