ప్రసాదం పెట్టింది నేనే

నర్సింగ్ కాలేజీ ప్రిన్సిపాల్ ఛాయాదేవి గారికి, సెక్టర్ 7 నుంచి మీ విద్యార్థిని హరిత తల్లిని నమస్కరించి రాస్తున్నాను.

నిన్న గుండె పరీక్షలు చేసే క్యాథ్ ల్యాబ్ బయట, తన వంతు కోసం కూర్చున్న ఆ పెద్దాయనకు లడ్డూ పెట్టింది హరిత కాదండి, నేను. అక్కడ డ్యూటీలో ఉన్న మా అమ్మాయికి టిఫిన్ బాక్సు ఇవ్వడానికి వచ్చాను. "పొద్దున్నుంచి ఏటీ తిన్లేదు తల్లీ" అన్నారాయన. ప్రసాదంతో ఉపవాసం చెడదని మా ఇంట్లో నమ్మకం. అదే చెప్పి తినిపించాను. ఖాళీ కడుపుతో చేయాల్సిన ఆయన యాంజియోగ్రాం ఆగిపోయింది.

సిస్టర్ కోప్పడితే హరిత "గల్తీ నాదే దీదీ" అని తప్పు తన మీద వేసుకుంది. నేను నిజం చెప్పకుండా ఇంటికి వచ్చేశాను.

దాన్ని ల్యాబ్‌లోకి రావద్దన్నారు; ఆ డ్యూటీ పూర్తికాకపోతే ఫైనల్ పరీక్ష రాయనివ్వరట. "నువ్వు చెప్పకమ్మా, నిన్ను పోలీసులకిచ్చేస్తారు" అని ఏడుస్తోంది. ఇచ్చేయండమ్మా. దాన్ని మాత్రం రేపు లోపలికి రానివ్వండి. ఆ పెద్దాయన ఇంకా వార్డులోనే ఉన్నారు. నన్ను తీసుకెళ్లి ఆయన ముందు నిలబెట్టండి.