వీరాయమ్మ ఓడకి ఫ్రెంచివాళ్ల సంతకం

రాజోలు, మే 3

పడవల తనిఖీ ఆఫీసరు సత్యదుర్గారావు గారికి, పడవల వడ్రంగి తాతబ్బాయి దణ్ణాలండి.

ఫోనులో చెబితే రాసిమ్మన్నారు గదండీ, రాస్తున్నాను. నిన్న కాలవలో మీవాళ్లు పట్టుకుపోయింది చేపల పడవ కాదండి, మూడడుగుల చెక్క బొమ్మ. పేరు వీరాయమ్మ, మా అమ్మ పేరే. రెండున్నర వందల ఏళ్లనాటి యుద్ధపు ఓడ నమూనా అండి. అసలు ఓడని ఇంగ్లీషువాళ్లు కట్టేరు, ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయి పేరు మార్చేరు, మళ్లీ ఇంగ్లీషువాళ్లు లాక్కున్నారు. పసుపు కుంకుమ పెట్టి నీళ్లలో దించితేగానీ మా ఇంట్లో ఏ పడవా పూర్తయినట్టు కాదండి. ఈ రెండు నెలల చేపల వేట నిషేధం బొమ్మలక్కూడా అనుకోలేదు. ఇరవయ్యో తారీఖున అమలాపురంలో చేతిపనుల పోటీ. ఏడాది కష్టమండీ, ఈలోగా ఇప్పించండి.

ఇట్లు, తాతబ్బాయి

తా.క.: ఫిరంగులు ఇరవైనాలుగూ కొబ్బరి ఈనెలే. పేలవండి.

మే 8

శ్రీ తాతబ్బాయి గారికి,

నిషేధ కాలంలో నంబరు లేని పడవను నీట దించినట్లు మీరే ఒప్పుకున్నారు. పైగా అది ఫ్రెంచివారి స్వాధీనంలో ఉండేదనీ రాశారు. పూర్వ యజమానులకు అభ్యంతరం లేదని సంతకం తెస్తే పరిశీలిస్తాము. యానాం దగ్గరే.

సత్యదుర్గారావు

తా.క.: ఫిరంగుల సంగతి పోలీసులకు తెలియజేశాము.

మే 14

ఆఫీసరు గారికి,

ఆయ్, యానాం వెళ్లొచ్చేనండి. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయి డెబ్భై ఏళ్లు దాటిందంట. కిళ్లీకొట్టు సాలమోను గారు పాపం జాలిపడి, "నాకైతే అభ్యంతరం లేదండీ" అని సంతకం పెట్టేరు. జతచేసేను. ఈలోగా ఓడని పోలీసులు పట్టుకుపోయేరనీ, మీరు మళ్లీ లాక్కొచ్చేరనీ మీ బంట్రోతు దానం చెప్పేడు. అసలు ఓడైనా ఇంత తొందరగా చేతులు మారలేదండి! వారంలో పోటీ. నాకు అన్నం సయించట్లేదండి.

తాతబ్బాయి

తా.క.: స్టేషన్లో తెరచాపతో టీ గ్లాసులు తుడిచేరంట. అది మా ఆవిడ పెళ్లిచీర చెంగండీ.

మే 18

శ్రీ తాతబ్బాయి గారికి,

సాలమోను ఫ్రెంచివాడని రుజువు లేదు. సంతకం చెల్లదు. పడవ మా వద్ద భద్రంగా ఉంది.

సత్యదుర్గారావు

తా.క.: పోటీ చూడటానికి మీరు తప్పక రావచ్చు. ప్రవేశం ఉచితం.

మే 22

ఆఫీసరు గారికి,

నా ఓడకి మొదటి బహుమతి పుచ్చుకున్నందుకు అభినందనలండి. "తయారీ, యాజమాన్యం: సత్యదుర్గారావు" అని ఓడ ముందు పెట్టిన అట్టమీద మీ చేత్తోనే రాసేరు. దాన్ని ఫొటో తీసుకున్నానండి. ఇంటికొచ్చి మజ్జిగ తాగేక తట్టిందండి: యజమాని మీరైతే, నిషేధంలో నంబరు లేకుండా నీళ్లలో దించిందీ మీరే గదా! అట్ట ఫొటో, మీ ఉత్తరాలూ మీ పై ఆఫీసరు కళ్యాణి గారికి పంపేను. ఆవిడ ఇవాళ పొద్దున్నే ఫోను చేసేరు. ఓడ తాతబ్బాయిదేనని రాసిచ్చి, షీల్డుతో సహా దానం చేత పంపితే సరేనంట. కాదు నాదేనంటారా, ఫ్రెంచివాళ్ల సంతకం మీరు తెచ్చుకోవాలంట.

తాతబ్బాయి

తా.క.: సాలమోను గారు కొట్టు ఎనిమిదింటికి తీస్తారండి. ఈసారి ఆయనకి అభ్యంతరం ఉందంట.