పటం వెనక కార్డు

6 అక్టోబర్ 2008

వచ్చేశాడు! మా అబ్బాయి అమరనాథ్ వచ్చేశాడు! ఆనేకల్‌లో మా వదిన ఇంట్లో ఎనిమిది నెలలు మగ్గం నేసి, పొద్దున ఏడింటికే ఒక్క సంచితో గుమ్మంలో నిలబడ్డాడు. మా ఆవిడ అక్కయమ్మ ఒకటే ఏడుపు. నేను ఏడవలేదు. కళ్లద్దాలు తుడుచుకున్నానంతే. పెళ్లినాడు కూడా నాకింత సంతోషం లేదు. రేపటి నుంచి నగర్తపేటలో మా అంగట్లో వాడే కూర్చుంటాడు. తాళాలు ఇచ్చేశాను.

7 అక్టోబర్

బావమరిది లింగన్న వచ్చాడు. దొంగ చేతికి తాళాలు ఇస్తా ఉండావే బావా, నీకేమన్నా మతి ఉండాదా అన్నాడు.

పెన్నులు, నోటు పుస్తకాలు, మొబైల్ రీచార్జ్‌తో పాటు మా అంగట్లో క్యాష్ కార్డులు కూడా అమ్ముతాం. ఐదు వందల నోటు ఇచ్చి కార్డు కొనుక్కుని వెనక వెండి పూత గీకితే పదహారు అంకెలు. అవి కంప్యూటర్లో కొడితే బెట్టింగ్ అకౌంట్లో డబ్బు పడుతుంది. బ్యాంకుకు తెలియదు, ఇంట్లో తెలియదు. మావాడు ఎలక్ట్రానిక్ సిటీ ఉద్యోగం పోగొట్టుకున్నది వీటితోనే. క్రికెట్ మీద. జీతం, బండి, పెళ్లి సంబంధం, అన్నీ గీకేశాడు.

ఆ కార్డులన్నా తీసెయ్ బావా అన్నాడు లింగన్న. తీయను! ఇప్పుడు తీస్తే నా కొడుకుని నేనే నమ్మలేదని పేటంతా చాటినట్టు. వాడు వాటి పక్కనే కూర్చుంటాడు.

8 అక్టోబర్

ఆయుధ పూజ. షట్టరుకు, కాలిక్యులేటరుకు, ఆఖరికి స్టేప్లరుకు కూడా బొట్లు. బూడిద గుమ్మడికాయ కొట్టింది మావాడే. ఒక్క దెబ్బకు పగిలింది! కొత్త సరుకులో మొదటిది లక్ష్మి పటం వెనక పెట్టాలి, మళ్లీ ఆయుధ పూజ దాకా తీయకూడదు. మా నాయన నాటి ఆచారం. సంతోషంలో ఏమేం పెట్టానో నాకే తెలియదు.

15 అక్టోబర్

రోజూ ఎనిమిదిన్నరకల్లా అంగడి తెరిచి దీపం పెట్టేది వాడే.

24 అక్టోబర్

ఒక కార్డు తక్కువ.

సరుకు వేసే వెంకటరాయప్ప మూడుసార్లు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువే అప్పా అన్నాడు. లింగన్న అక్కడే ఉన్నాడు, ఉండకుండా ఎలా ఉంటాడు! జేబులు చూపీరా అన్నాడు మేనల్లుడితో. వాడు తల వంచుకుని, నేను తీయలేదు నాయనా అన్నాడు. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వాడి జేబులో చెయ్యి పెట్టేవాడు ముందు నా జేబులో పెట్టాలి అన్నాను. వీధి సగం ఆగి చూసింది. చూడనీ. కార్డు డబ్బు అక్కడికక్కడే కట్టేశాను.

ఇంట్లో అక్కయమ్మ మెల్లిగా అడిగింది, నిజంగా తీయలేదంటావా అని. కంచం ముందు నుంచి లేచిపోయాను.

25 అక్టోబర్

అన్నం సహించడం లేదు. అయినా నమ్ముతున్నాను.

26 అక్టోబర్

నేను ముసలి గాడిదను. రాసి పెట్టుకుంటున్నాను.

దీపావళికి దుమ్ము దులుపుదామని పటం జరిపితే ఒక పెన్ను, ఒక రబ్బరు, ఒక పుస్తకం, ఒక కార్డు! పసుపు ఎండి అంటుకుంది. వెండి పూత మీద గోటి గీత కూడా లేదు. పెట్టింది నేను. మరిచింది నేను. మాట పడింది వాడు.

రోజూ దీపం పెడతావు కదరా, చూడలేదా అని అడిగాను. రెండో రోజే చూశాడట. మరి మీ మామ అన్ని మాటలంటుంటే ఎందుకు చెప్పలేదురా? చెప్తే నువ్వు తీసి డ్రాయర్లో పెడతావు నాయనా అన్నాడు. డ్రాయర్లో వాటికి నీ లెక్క ఉండాది, వెంకటరాయప్ప లెక్క ఉండాది. దీనికి ఎవరి లెక్కా లేదు. దీనికి నేనొక్కణ్ణే కాపలా. దీన్ని గీకకుండా షట్టరు దించిన రోజు నాకు ఇంటికొచ్చి అన్నం తినబుద్ధి అవుతుంది అన్నాడు.

కార్డును ఉన్నచోటే పెట్టాను.

28 అక్టోబర్

దీపావళి. లింగన్నను పిలిచి పటం వెనక చూపించాను. వంగి రెండుసార్లు చూశాడు. ఇంట్లో భోజనాల దగ్గర మావాడు తినండి మామా అని లింగన్న ఆకులో ఇంకో ఒబ్బట్టు వేశాడు.

డ్రాయర్లోని కట్టంతా వెంకటరాయప్పకు తిరిగి ఇచ్చేశాను. బాగా పోయే సరుకప్పా, ఏం బుద్ధి నీది అన్నాడు. మొన్న మానితే నమ్మకం లేక మానినట్టు. ఈ రోజు మానితే వేరే. కొనేవాళ్లకూ నాయనలు ఉంటారు. ఇన్నాళ్లూ ఆ మాట నాకెందుకు తట్టలేదో.

14 డిసెంబర్

మ్యాచ్ ఉంది. పక్కంగడి టీవీ దగ్గర కేకలు. నేను పటం వెనక చూడలేదు. చూడనంటే చూడను.

31 మార్చి 2009

పటం వెనక కార్డు గడువు ఈ రోజుతో సరి. ఇక గీకినా పైసా రాదు. అక్కయమ్మ చేత పాయసం చేయించాను. కార్డుకు పాయసమేంది బావా అని లింగన్న నవ్వాడు. రెండు గ్లాసులు తాగాడు.

27 సెప్టెంబర్ 2009

ఆయుధ పూజ. పటం వెనక నుంచి మావాడే తీశాడు. రూపాయి బిళ్లతో గీకాడు. పదహారు అంకెలూ పటంలోని లక్ష్మమ్మకు చదివి వినిపించాడు. వెండి పొడి దీపం దగ్గర రాలింది. నేను ఎవరినీ ఊడవనివ్వలేదు.