మీటల కింద ఎరుపు

అక్టోబరు 3, శుక్రవారం
దసరా మర్నాడే నా కరెంటు పియానో మొరాయించింది. మొత్తం కాదు — నడుమనున్న మీటలు కొన్ని. ఒకటి నొక్కితే పైకి లేవదు. ఇంకొకటి ఎంత మెల్లగా తాకినా అరుస్తోంది. ఇంకొన్ని మూగ. పై వారం ఆదివారం నా దగ్గర నేర్చుకునే పిల్లలకి గ్రేడు పరీక్ష, ఇక్కడే. ఇంట్లో ఉన్నది ఇదొక్కటే.
అత్తయ్యగారు: "దిష్టమ్మా. వీధిలో వాళ్ల కళ్లన్నీ దీనిమీదే." ఎండుమిరపకాయలతో దిష్టి తీశారు. మీటలు మాత్రం వినలేదు.

అక్టోబరు 4
రాజమండ్రి నుంచి మెకానిక్. వంతెన మీద ట్రాఫిక్ గురించి చెప్పినంతసేపు కూడా పియానో చూడలేదు. "బోర్డు పోయిందండి. కొత్తది కొనేసుకోండి మేడం." మూత విప్పకుండానే! ఒళ్లు మండింది. కాఫీ కూడా దండగ.

అక్టోబరు 5
నేనే విప్పుతా.
ఆయన: "షాక్ కొడుతుందే, వద్దు." ప్లగ్గు పీకేశాక ఎలా కొడుతుందో ఆయనకే తెలియాలి.

అక్టోబరు 6, సోమవారం
విప్పాను. స్క్రూలన్నీ తీసిన వరసలోనే పాత చీర మీద.
లేవని మీట కింద ఒక బియ్యపుగింజ. పచ్చగా… అక్షింత! నవ్వు ఆపుకోలేకపోయాను.
తర్వాత ఆ నవ్వు దానంతటదే ఆగింది. మీటల కింద రబ్బరు పట్టీ. ఒక్కో మీటకి రెండు నల్లచుక్కలు — అవి బోర్డుకి ఒకదాని వెనక ఒకటి తగలాలి, ఆ తేడాని బట్టే మెల్లగానో గట్టిగానో పలుకుతుంది. ఆ చుక్కల నిండా ఎర్రటి పొడి. కుంకుమ.
ఆయుధపూజ నాడు అత్తయ్యగారు మీట మీటకీ పసుపు రాసి బొట్టు పెట్టారు. "నీకు అన్నం పెట్టేది ఇదేగా అమ్మా." నేనే పక్కన నిలబడి ఫోటో తీశాను. మర్నాడు దశమికి కొత్త పిల్లలు వచ్చి ఎడాపెడా వాయించారు. పొడంతా లోపలికి.

అక్టోబరు 7
స్పిరిట్, ఇయర్ బడ్స్. చుక్క చుక్కా తుడవడం. గట్టిగా రుద్దితే నలుపు ఊడొస్తుంది — పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడవాలి. ఎర్రబడ్డ బడ్స్ కాగితంలో చుట్టి చెత్తబుట్ట అడుక్కి తోశాను.
బిగించాను. ఒక్క స్క్రూ మిగల్లేదు!
ఈ చివర నుంచి ఆ చివర దాకా అన్నీ పలికాయి. మెల్లగా అంటే మెల్లగా. నేను… ఈ చేతులతో! నా భుజం నేనే తట్టుకోవాలనుంది.

అక్టోబరు 8
ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న — "ఏం పోయిందండీ?" దుమ్ము అంటున్నాను. అక్షింత కథ చెబితే కొవ్వూరంతా నవ్వుతుంది. అత్తయ్యగారు మళ్లీ ఈ గదిలో అడుగు పెట్టరు. సగం గొప్ప మింగేయడం ఎంత కష్టం!
ఆవిడేమో గోడ మీంచి పక్కింటావిడతో: "మెకానిక్ చేతులెత్తేశాడండీ. మా కోడలే విప్పి బిగించేసింది!" కిటికీ దగ్గర నిలబడి విన్నాను. కూర మాడింది. మాడనీ.
సాయంత్రం నన్నడిగారు: "ఏముందమ్మా లోపల?"
"దుమ్మండి."
కాసేపు నా ముఖంలోకి చూశారు.

అక్టోబరు 9
ఈ గది చెత్తబుట్ట ఈరోజు అత్తయ్యగారే ఖాళీ చేశారు. వారానికోసారి పనమ్మాయి చేసే పని అది.

అక్టోబరు 12, ఆదివారం
పరీక్ష అయింది. ఒక్క మీటా మొండికెయ్యలేదు. పిల్లల కంటే నాకే ఎక్కువ గర్వం. ఉండనీ.

అక్టోబరు 20, దీపావళి
అత్తయ్యగారు బొట్టుపళ్లెంతో తిరుగుతున్నారు — గడపకి, బీరువాకి, ఆయన బండికి. పియానో దగ్గరికి వచ్చి ఆగారు. పళ్లెం దూరంగా జరిపి, చీరచెంగుతో మీటలు మెల్లగా తుడిచి వెళ్లిపోయారు.
"పక్క చెక్కకి పెట్టండి అత్తయ్యగారూ" అందామనుకున్నాను. అంటే దుమ్ము కాదని ఒప్పుకున్నట్టే.
హారతికి పూజగదిలోకి వెళ్తే, అమ్మవారి ముందు నా స్క్రూడ్రైవర్. పిడికి పసుపు, బొట్టు.
ఆవిడ హారతి అద్దుకుని, నా వైపు చూడకుండా — "నువ్వూ దణ్ణం పెట్టుకో."
ఆ ఎర్రటి బడ్స్ చూశారా అని అడగాలి… ఎలా అడగను?