ఆశ అనే లంగరు

కార్తీక బహుళ విదియ, ముమ్మిడివరం బస.

ఇంగ్లీషువాళ్లు కష్టకాలంలో ఆశను లంగరుతో పోలుస్తారని పొద్దున పడవలో వస్తూ దొరగారే నాకు విడమరచి చెప్పారు. గాలివానలో మిగతా తాళ్లన్నీ తెగినా ఓడను పట్టి ఉంచే పెద్ద లంగరట. ఆ మాట నాకెంతో నచ్చింది. మధ్యాహ్నం, ఉప్పెనకు ఇళ్లు కొట్టుకుపోయిన జాలరి పల్లెలో, దొరగారు మళ్లీ అదే మాట అనగానే దుబాసీ దర్జాతో గొంతు పెంచి తెలుగులో చెప్పాను: “ఆశే మీకు పెద్ద లంగరని దొరగారు సెలవిస్తున్నారు.”

అందరూ ఇసుకకేసి చూస్తూ ఉండిపోయారు. పోలమ్మ అనే ముసలావిడ మాత్రం లేచింది.

“ఆయ్, లంగరంటే మాకు తెలుసండి. పడవతోపాటే పోయిందండి. అదలా ఉంచండి పంతులుగారూ, నూతుల్లోకి సముద్రం వచ్చేసిందండి. పిల్లలు ఆ ఉప్పునీళ్లే తాగి కక్కేసుకుంటున్నారు. ఓ పడవెడు మంచినీళ్లు పంపించమని దొరగారికి చెప్పండి.”

ఏమంటోందని దొరగారు అడిగారు. ఆయన మాట అక్కడ ఎవరికీ పట్టలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తప్పు నా తర్జుమాదే అంటారని భయం.

“మీ మాటతో ధైర్యం వచ్చిందట, దీవిస్తోంది” అన్నాను.

దొరగారు మురిసిపోయి ఆవిడకేసి తల ఊపారు. అది చూసి పోలమ్మ వెనక్కి తిరిగి కేకేసింది: “దొరగారు ఒప్పేసుకున్నారు! కుండలు కడగండర్రా!”

దానికి తర్జుమా ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. రేపు నీళ్ల సంగతి చెప్పాలంటే ఇవాళ్టి అబద్ధమూ ఒప్పుకోవాలి.

ఆ కుండలు ఏ నీళ్లతో కడిగి ఉంటారు?