తుపాకీ పెట్టెలో దొరికిన వత్తులు

మన బిడ్డ హరిచందన బాపుకు,

లక్ష వత్తుల నోముకు నేను చుట్టిన వత్తులు ఏటా ఎందుకు తక్కువ పడుతున్నాయో ఇన్నేళ్లూ అర్థం కాలేదు. అడిగితే మీరు నవ్వి, "నీకు లెక్కనే రాదు తియ్, మల్ల చుట్టు" అనేవారు. మొన్న మీ తుపాకీ పెట్టె అడుగున మసిబారిన వత్తులు దొరికాయి.

రేపు లైసెన్సు తనిఖీకి ఠాణాలో తుపాకీ చూపించాలి కదా. ముందు తూటాలు లేవని చూసుకోండి. ఇత్తడి బ్రష్షును తూటా పెట్టే వైపు నుంచే గొట్టంలోకి దూర్చండి. తర్వాత గుడ్డ తెల్లగా వచ్చేదాకా తుడవండి. దేవుడి నువ్వుల నూనె ముట్టకండి, జిగురు కడుతుంది. కుట్టుమిషను నూనె కిటికీలో ఉంది. గుడ్డముక్కలు కోసి పెట్టాను. మీరు చాంద్రాయణగుట్టలో చేయించుకున్న కొత్త దిండు గలీబు అది, మెత్తగా ఉంటుంది.

దసరాకు ఆ తుపాకీకి బొట్టు పెట్టేది నేనే. అయినా దేవుడి వత్తులతో దాన్ని తుడవొచ్చా? మీరే చెప్పండి.

నేను గుడికి వెళ్తున్నాను. అన్నం గిన్నెలో ఉంది.

దిండు కోసం వెతకకండి. మీరింకా తల పెట్టలేదు కాబట్టి మైల లేదు. దాని పత్తితోనే తగ్గిన వత్తులు చుట్టాను. రాత్రికి గోనెసంచి మడిచి పెట్టుకోండి. మళ్లీ లెక్కపెట్టాను, లక్ష సరిపోయాయి. దేవుడికి మీరు పెట్టిన బాకీ ఈ సాయంత్రం తీరుతుంది.